సోమవారం సీడింగ్, శుక్రవారం బస్సు

వైరాలజీ చేద్దామని బెంగళూరు వచ్చే మనవాళ్లు వైరస్‌ల గురించి బోలెడంత చదువుకుని వస్తారు. వచ్చాక రోజంతా ఊడిగం చేసేది మాత్రం ఆ వైరస్‌లని పెంచే సెల్స్‌కి, అంటే కణాలకి. కరోనా వైరస్ మైనస్ 80 ఫ్రీజర్‌లో నెలల తరబడి పడి ఉంటుంది, తిండి అడగదు. వీరో ఈ6 సెల్స్ అలా ఊరుకోవు. రెండు మూడు రోజులకోసారి ట్రిప్సిన్ అనే ఎంజైమ్ పోసి ఊడదీసి కొత్త ఫ్లాస్క్‌లోకి మార్చాలి, ఆదివారమైనా ఉగాదైనా. 1962లో జపాన్‌లో ఒక ఆఫ్రికన్ గ్రీన్ మంకీ కిడ్నీ నుంచి తీసిన సెల్స్ సంతతి ఇది. ఇక్కడ మన పని వేళలు, ఊరి ప్రయాణాలు ఆ ఫ్లాస్క్‌ని బట్టే ఉంటాయి.

ప్లాక్ ఎస్సేనే తీసుకోండి. వైరస్ సెల్స్‌ని చంపిన చోట పడే ఖాళీ చుక్కే ప్లాక్. వాటిని లెక్కపెట్టి శాంపిల్‌లో బతికున్న వైరస్ ఎంతుందో చెప్పే పరీక్ష ఇది. ఆర్‌టీ-పీసీఆర్‌లో సీటీ (వైరస్ జాడ కనపడటానికి పట్టిన సైకిళ్ల సంఖ్య) సుమారు 3.3 తగ్గితే ఆర్‌ఎన్‌ఏ పదిరెట్లు ఎక్కువుందని అర్థం, అంతే. చచ్చిన వైరస్ ఆర్‌ఎన్‌ఏ ముక్కకైనా సీటీ వస్తుంది. అందుకని సోమవారం సాయంత్రం 12 వెల్స్ (గుంటలు) ఉన్న ప్లేట్‌లో వెల్‌కి రెండున్నర లక్షల చొప్పున సెల్స్ వేస్తారు, అదే సీడింగ్. మంగళవారానికి అవి సందు లేకుండా పరుచుకోవాలి. వైరస్‌ని పదేసి రెట్లు పలచన చేసుకుంటూ పోయి, వెల్‌కి 200 మైక్రోలీటర్లు పోసి, గంటసేపు పావుగంటకోసారి ప్లేట్‌ని అటూ ఇటూ వంచాలి. వంచడం మరిచిపోతే వెల్ మధ్యలో సెల్స్ ఎండి వాటంతట అవే ఊడిపోతాయి. చూసేవాళ్లకి అదో పెద్ద ప్లాక్‌లా కనిపిస్తుంది. తర్వాత పైన అగరోజ్ అనే జెల్లీ కలిపిన మీడియా (సెల్స్‌కి తిండినిచ్చే ద్రవం) పోసి మూడు రోజులు కదపకుండా ఉంచుతారు. శుక్రవారం మధ్యాహ్నం 4 శాతం ఫార్మల్డిహైడ్‌తో ఫిక్స్ చేసి, అగరోజ్ బిళ్ల తీసేసి, 0.1 శాతం క్రిస్టల్ వయొలెట్ రంగు వేసి కడిగితే ఊదారంగు నేల మీద తెల్లటి చుక్కలు తేలతాయి. లక్ష రెట్లు పలచన చేసిన వెల్‌లో 30 చుక్కలుంటే, 30ని 0.2తో భాగించి లక్షతో గుణించాలి. అంటే మిల్లీలీటరుకి కోటిన్నర బతికున్న వైరస్‌లు, ఈ లెక్కే టైటర్. ఇదంతా సాయంత్రానికి తెమిలితేనే రాత్రి కర్నూలు బస్సో, విజయవాడ బస్సో అందుతుంది. మంగళవారం సీడింగ్ చేసినవాళ్లకి శనివారం ల్యాబ్ తప్పదు.

చెడిపోయేది ఎక్కువగా అగరోజ్ దగ్గరే. 42 డిగ్రీలు దాటితే సెల్స్ ఉడుకుతాయి, బాగా చల్లారనిస్తే పోసేలోపే గడ్డకడుతుంది. ఆ తలనొప్పి వద్దనుకునేవాళ్లు కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ వాడతారు. గది వేడిలోనే పోయొచ్చు, గడ్డకట్టదు. కాకపోతే అది ద్రవం. పక్క ప్లేట్ కోసం ఇంక్యుబేటర్‌లో చెయ్యి పెట్టిన లేబ్‌మేట్ మీ ప్లేట్‌ని కాస్త జరిపినా చుక్కలకు తోకలొస్తాయి, తోకచుక్కల్లాగే. వాటిని లెక్కపెట్టి ప్రయోజనం లేదు.

ఇంతకంటే మోసపుచ్చే తప్పు ఒకటుంది, కంటికి కనపడదు. సార్స్-కోవ్-2 (కోవిడ్ తెచ్చే కరోనా వైరస్) ముల్లు ప్రోటీన్ అయిన స్పైక్‌లో ప్రోలీన్, ఆర్జినీన్, ఆర్జినీన్, అలనీన్, ఆర్జినీన్ అనే అమైనో ఆమ్లాలు వరసగా ఉండే చోటుని ఫ్యూరిన్ ఎంజైమ్ కోస్తుంది. 2002లో బయటపడ్డ పాత సార్స్ వైరస్‌లో ఈ చోటు లేదు. మనిషి ఊపిరితిత్తుల్లోకి దూరడానికి ఇది బాగా పనికొస్తుంది. వీరో ఈ6 సెల్స్‌లో మాత్రం వైరస్‌ని పైపొర దగ్గరే లోపలికి దూరనిచ్చే టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 అనే ఎంజైమ్ దాదాపు ఉండదు. వైరస్ ఎండోసోమ్ (సెల్ లోపలికి మింగే సంచి) దారిలో లోపలికి పోవాల్సి వస్తుంది, ఆ దారిలో ఫ్యూరిన్ చోటు బరువే తప్ప లాభం లేదు. అందుకే కొన్ని ప్యాసేజ్‌లు (వైరస్‌ని పాత సెల్స్ నుంచి కొత్త సెల్స్‌కి మార్చడాలు) తిరిగేసరికి ఆ చోటు ఊడిపోయిన వైరస్‌లు మిగతావాటిని మించిపోతాయి. టైటర్ బ్రహ్మాండంగా వస్తుంది, కుర్రవాళ్లు సంబరపడతారు. ఆ స్టాక్‌నే హామ్‌స్టర్లకి ఇస్తే జబ్బు అంతంతమాత్రంగానే వస్తుంది. అప్పుడు తప్పు జంతువుల మీదికో, మందు గొప్పతనం మీదికో పోతుంది. ప్లాక్‌లలో చిన్నవాటి మధ్య పెద్దవి కలిసి కనిపిస్తే ముందు దీన్నే అనుమానించాలి. స్టాక్‌ని మూడు ప్యాసేజ్‌లు దాటనివ్వకూడదు. మనిషి ఊపిరితిత్తుల నుంచి తీసిన కాలూ-3 సెల్స్‌లోగానీ టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 పెట్టిన వీరోలోగానీ పెంచాలి. ప్రతి స్టాక్‌నీ సీక్వెన్స్ చేయించాలి. దాదాపు 30 వేల అక్షరాల జీనోమ్ మొత్తం వద్దనుకున్నా, కనీసం స్పైక్‌లో ఆ ముక్కనైనా చూడాలి.

ఏ ల్యాబ్‌లో చేరాలనే ప్రశ్నకి మా జవాబు ఒకటే. పేపర్లు చూడకండి, ఆ ల్యాబ్‌కి ఏ స్థాయి బయోసేఫ్టీ గది (బీఎస్‌ఎల్) ఉందో అడగండి. సార్స్-కోవ్-2ని పెంచడానికి బీఎస్‌ఎల్-3 కావాలి, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ (ఐఐఎస్‌సీ)లో ఉంది. నిపా మీద ఆశపడి బెంగళూరు వచ్చేవాళ్లుంటారు. దాన్ని పెంచాలంటే బీఎస్‌ఎల్-4 కావాలి, అది పుణెలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ (ఎన్‌ఐవీ)లో ఉంది. కర్ణాటక సొంత జబ్బు అంటే 1957లో శివమొగ్గ అడవుల్లో బయటపడ్డ క్యాసనూర్ ఫారెస్ట్ డిసీజ్. కోతులు చచ్చి పడుతుంటే గుర్తించారు, పిడుదుల వల్ల వస్తుంది. ఇక్కడివాళ్లు మంగన కాయిలె అంటారు.

పెద్ద గది లేకపోతే పని లేదని కాదు. స్పైక్ తొడుక్కున్న సూడోవైరస్ (నకిలీ వైరస్ రేణువు) బీఎస్‌ఎల్-2లోనే చేసుకోవచ్చు. హెచ్‌ఈకే 293టీ అనే మనిషి సెల్స్‌లోకి ప్లాస్మిడ్లు (డీఎన్‌ఏ వలయాలు) పంపి, 48 నుంచి 72 గంటల తర్వాత మీడియా తీసి, 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకడతారు. స్పైక్ తోకలో చివరి 19 అమైనో ఆమ్లాలు కత్తిరిస్తే రేణువుల మీద స్పైక్ బాగా ఎక్కుతుంది. 293టీ సెల్స్ ప్లేట్‌కి సరిగ్గా అంటుకోవు, మీడియా మార్చేటప్పుడు గోడ వారగా మెల్లగా పోయాలి. జలుబు తెచ్చే ఓసీ43, 229ఈ కరోనా వైరస్‌లు కూడా బీఎస్‌ఎల్-2వే. వాటిని 37లో కాకుండా 33 డిగ్రీల్లో పెంచడం మేలు. ఇక మురుగునీరు ఉండనే ఉంది. కోవిడ్ కాలంలో నగరంలోని 28 మురుగు శుద్ధి కేంద్రాల నుంచి శాంపిల్స్ తీసి వైరస్ జాడ చూశారు. 2021 డిసెంబరు 2న ప్రకటించిన దేశంలోని మొదటి రెండు ఒమిక్రాన్ కేసులు ఈ రాష్ట్రంలోవే. అప్పటినుంచి సీక్వెన్సింగ్ వచ్చినవాళ్లకి ఇక్కడ గిరాకీ ఉంది.

బీఎస్‌ఎల్-3 పనిలో భయం కన్నా ఓపిక ఎక్కువ కావాలి. ఇద్దరు లేనిదే లోపలికి వెళ్లకూడదు. వెళ్తే మూడు నాలుగు గంటలు బయటికి రావడం కుదరదు, కాబట్టి ముందు నీళ్లు తక్కువ తాగుతారు. లోపలి చెత్త ఆవిరి ఒత్తిడితో ఉడికించే రెండు తలుపుల ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల్లో ఉడికాకే బయటపడాలి. ఆటోక్లేవ్ ఆగితే ల్యాబ్ ఆగినట్టే. దానికి బోరు నీళ్లు పోస్తే హీటర్‌కి సున్నపు పెచ్చు కడుతుంది, ఆర్‌వో నీళ్లే పోయాలి. 2024 వేసవిలో ఊళ్లో నీటి కటకట వచ్చినప్పుడు ఈ చిన్న విషయం పెద్దదయింది.

కన్నడం నాలుగు ముక్కలు నేర్చుకోవడం మర్యాద కోసం మాత్రమే కాదు. రాత్రి రెండింటికి సెక్యూరిటీ ఆయన ఫోన్ చేసి "సార్, ఫ్రీజర్ అలారం హొడీతా ఇదె" (మోగుతోంది) అంటే నిద్రమత్తులో కూడా అర్థం కావాలి. తలుపు తెరవొద్దని ఆయనకి చెప్పగలగాలి. మూసి ఉంటే మైనస్ 80 కొన్ని గంటలు చల్లదనం నిలుపుకుంటుంది, తెరిచి చూస్తే పోతుంది. లిపి మనదానికి దగ్గరే కనుక బోర్డులు చదవడం వారంలో వస్తుంది. కరెంటు పోయి వచ్చిన పొద్దున ముందు ఇంక్యుబేటర్‌లో మీడియా రంగు చూడాలి. ఎర్రగా ఉండాల్సింది ఊదాకి తిరిగితే కార్బన్ డయాక్సైడ్ 5 శాతం నిలవలేదన్నమాట.

డబ్బు సంగతి. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకి 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్) 42,000. అంకె బాగానే ఉంది, కానీ నెలనెలా పడుతుందన్న నమ్మకం లేదు. కొన్నిచోట్ల మూడు నాలుగు నెలలది ఒక్కసారే వస్తుంది. ఐఐఎస్‌సీకి మత్తికెరె, జీకేవీకే (వ్యవసాయ విశ్వవిద్యాలయం) వైపు సంస్థలకి సహకారనగర, యలహంక దగ్గర. ఇల్లు తీసుకుంటే ఓనర్ ముందే కొన్ని నెలల అద్దె అడ్వాన్సు అడుగుతాడు. కాబట్టి మొదటి ఏడు హాస్టలో పీజీయో నయం. ప్రాజెక్టు పోస్టు అయితే ఏడాదికోసారి పొడిగింపు, మార్చి 31 వస్తోందంటే గుండెదడ. హైదరాబాద్ తిరిగి వెళ్లాలనుకునేవాళ్లకి మాత్రం ఇక్కడి వీరో అలవాటు అక్కరకొస్తుంది. అక్కడ తయారైన కోవాక్సిన్‌కి వైరస్‌ని పెంచింది వీరో సెల్స్‌లోనే.

ఇక సంక్రాంతి. రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరుచుకుంటాయి, అంటే నవంబరు రెండో వారంలోనే శేషాద్రికో ప్రశాంతికో కాచుకోవాలి. సెల్స్‌ని ప్రయాణానికి నాలుగు రోజుల ముందు ఫ్రీజ్ చేయాలి. వయల్‌కి పది ఇరవై లక్షల సెల్స్, 90 శాతం సీరమ్, 10 శాతం డీఎంఎస్‌వో (గడ్డకట్టేటప్పుడు సెల్స్‌ని కాపాడే ద్రావకం). కలిపాక కబుర్లు చెప్పుకుంటూ కూర్చోకూడదు, గది వేడిలో డీఎంఎస్‌వో సెల్స్‌కి విషం. నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున దిగేలా ఐసోప్రొపనాల్ డబ్బాలో పెట్టి రాత్రంతా మైనస్ 80లో ఉంచి, మర్నాడు లిక్విడ్ నైట్రోజన్‌లోకి మార్చాలి. ఆ మిగిలిన రోజులు ఒక వయల్ తీసి కరిగించి, సెల్స్ బతికాయో లేదో చూసుకోవడానికి. ఊరినుంచి వచ్చాక 37 డిగ్రీల నీళ్లలో ఒకటి రెండు నిమిషాల్లో కరిగించి, రెండు మూడుసార్లు కొత్త ఫ్లాస్క్‌లోకి మార్చి, మైకోప్లాస్మా (సెల్స్‌ని పట్టే బ్యాక్టీరియా) పరీక్ష చేయించేసరికి జనవరి నెలాఖరు. మళ్లీ ప్లాక్ ఎస్సేకి సీడింగ్ ఆ తర్వాతి సోమవారమే.