48 సార్, జీపు లైటు బల్బు

మన సెక్రటరీ ఫోన్ చేసి "మన కాలేజీ పాత విద్యార్థుల సమ్మేళనం సంచికకి రెండు పేజీలు రాయరా, నెలాఖరుకల్లా కావాలి" అన్నాడు. కుళాయి చెరువు గట్టు మీద మీటింగుల గురించి, కాజా పందెం గురించి, లెక్కల పేపరు రోజు పొడుగోడు చేసిన ఘనకార్యం గురించి మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు. వాటికి నాకన్నా గట్టి సాక్షులున్నారు. నేను మన టెలిఫోన్ ల్యాబ్ సార్, 48 సార్ గురించే రాస్తాను. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆయన నేర్పిన పనితో సంపాదించుకున్నదే.

ఫస్టియర్ గురించి రాయడానికి నా దగ్గరేమీ లేదు. సెకండియర్లో ఆ టెలిఫోన్ ల్యాబ్‌లో అడుగుపెట్టిన రోజు నుంచే నాకు కాలేజీ మొదలైంది. మూలన ఆ స్ట్రోజర్ ర్యాకు, పక్కన చెక్క స్టాండు మీద రెండేసి వోల్టుల సెల్స్ 24, గోడకి ఎర్త్ పట్టీ. కాన్సాస్ సిటీలో అంత్యక్రియల వ్యాపారం చేసుకునే స్ట్రోజర్ 1891లో ఆటోమేటిక్ ఎక్స్ఛేంజికి పేటెంటు తీసుకున్న కథ సార్ ప్రతి బ్యాచికీ చెప్పేవారు. చెప్పిన ప్రతిసారీ ఆయన ముఖంలో అదే వెలుగు. ఇక వైవాలో మైనస్ 48 వోల్టుల ప్రశ్న సరేసరి, ఆయన పేరే అది. ఎక్స్ఛేంజిలో ప్లస్‌ని ఎందుకు ఎర్త్ చేస్తారు? భూమిలో పరిచిన రాగి కేబుల్‌ని తేమ, కరెంటు కలిసి తినేయకుండా ఉండటానికి. నిద్రలో లేపి అడిగినా మన బ్యాచిలో ఎవరైనా ఈ జవాబు చెబుతారు.

1996 నవంబరు 6, తుఫాను రాత్రి హాస్టల్లో ఎలా గడిచిందో మీకు చెప్పక్కర్లేదు. ఆ తర్వాత కొద్ది రోజులకి జరిగింది మాత్రం నలుగురికే తెలుసు: నాకు, పొడుగోడికి, ముక్కామల తమ్ముడికి, సైలెన్సర్‌కి. సార్ మన కాలేజీకి రాకముందు టెలికం డిపార్ట్‌మెంట్‌లో పనిచేశారు కదా. అక్కడి పాత స్నేహితుడు కబురు పెట్టాడు. కోనసీమలో ఒక చిన్న ఎక్స్ఛేంజి ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని నడుస్తోంది, మనుషులు చాలడం లేదు, రమ్మని. సార్ ఫైనలియర్ క్లాసులోకి వచ్చి "ఎవరొస్తారు?" అన్నారు. లేచి నిలబడింది మేము నలుగురం.

యానాం దగ్గర గోదావరి దాటించే పంటు తిరగడం లేదని రావులపాలెం మీదుగా చుట్టు తిరిగి వెళ్లాం. దారి పొడవునా కొబ్బరి చెట్లు పడిపోయి ఉన్నాయి. నడుముకి విరిగినవి కొన్ని, వేళ్లతో సహా లేచిపోయినవి కొన్ని. ముమ్మిడివరం వైపు వెళ్లేకొద్దీ జీపులో మాటలు ఆగిపోయాయి.

ఎక్స్ఛేంజి అంటే ఒక గది, కాల్స్ కలిపే ఒక సి-డాట్ (మన దేశపు స్విచ్) ర్యాకు. పక్క గదిలో రెండు బ్యాటరీ సెట్లు, పక్కపక్కన కలిపి ఉన్నాయి. పైకప్పు రేకు పడి ఒక సెట్‌లో సెల్స్ పగిలి యాసిడ్ కారిపోయింది. ఎక్స్ఛేంజి బరువంతా రెండో సెట్ మోస్తోంది. జనరేటర్‌కి డీజిల్ దొరికినప్పుడు దానికి కాస్త ఛార్జింగ్. బయట వరండాలో జనం బారులు తీరి ఉన్నారు. హైదరాబాద్‌లో ఉన్న కొడుక్కి, దుబాయ్‌లో ఉన్న అల్లుడికి 'ఉన్నాం' అని ఒక్క మాట చెప్పడానికి వచ్చినవాళ్లు. ఆ లైను ఒక్క నిమిషం కూడా పోకూడదు. పగిలిన సెట్ తీయాలి, వేరే ఎక్స్ఛేంజి నుంచి తెచ్చిన సెల్స్ కలపాలి, ర్యాకు మాత్రం ఆగకూడదు.

సార్ ముందు ఉంగరం, గడియారం తీసి సైలెన్సర్ చేతికిచ్చారు. మమ్మల్నీ తీయమన్నారు. స్పానర్‌కి, పట్టుకునే చోటు నుంచి నోటి దగ్గర దాకా ఇన్సులేషన్ టేపు చుట్టారు. తర్వాత పావుగంట సేపు ఏమీ ముట్టుకోలేదు. మీటర్ పట్టుకుని పక్క సెట్‌లో ఒక్కో సెల్ చూస్తూ కూర్చున్నారు. "ఏది తీస్తున్నాం అన్నది తర్వాత. మిగిలేది బరువు మోయగలదా? అది చెప్పు ముందు" అన్నారు పొడుగోడితో. వాడు 24 సెల్స్ వోల్టేజీ పుస్తకంలో రాసి, కూడి చూపించాకే స్పానర్ కదిలింది. ఎడమ చేయి జేబులో, కుడి చేత్తో పని. తీసేటప్పుడు ముందు మైనస్, ఆఖరున ఎర్త్. పెట్టేటప్పుడు ముందు ఎర్త్, తర్వాత మైనస్.

కొత్త సెల్స్ వరసగా పేర్చి కలిపాం. ఎర్త్ వైపు బిగించాం. ఇక మైనస్ లింకు ఒక్కటే. ముక్కామల తమ్ముడు లింకు పట్టుకుని ముందుకొచ్చాడు. సార్ ఆపి, కొత్త సెట్‌కీ పాత సెట్‌కీ మధ్య మీటర్ పెట్టారు. నాలుగు వోల్టుల తేడా. తేడా చిన్నదే, కానీ బ్యాటరీ లోపలి నిరోధం దాదాపు సున్నా. నేరుగా కలిపితే వందల ఆంపియర్లు ఒక్కసారి దూకుతాయి. నిప్పురవ్వ లేస్తుంది, లింకు మాడుతుంది, ఆ కుదుపుకి ర్యాకు ఆగిపోవచ్చు కూడా. "జీపు హెడ్‌లైటు బల్బు ఊడదీసి పట్రా" అన్నారు నాతో.

ఆ బల్బుకి రెండు తీగలు కట్టి రెండు సెట్ల మధ్య పెట్టారు. అది ఎర్రగా, మసగ్గా వెలిగింది. నిండిన సెట్ నుంచి ఖాళీ సెట్‌కి కరెంటు బల్బు గుండా మెల్లగా పారుతోంది. మేము నేల మీద కూర్చుని చూస్తున్నాం. పులిహోర పొట్లాలు అప్పుడే విప్పాం. వాటి సంగతి పొడుగోడే రాస్తాడు. చాలాసేపటికి ఆ ఎరుపు సన్నబడి, తీగ మాత్రమే కనబడేలా అయి, ఆరిపోయింది. సార్ మీటర్ పెట్టి చూసి, లింకు తానే బిగించారు. నిప్పురవ్వ లేదు, చప్పుడు లేదు. వరండాలో ఎవరో "అమ్మా, నేనే" అంటున్న మాట మధ్యలో తెగకుండా సాగింది.

డిప్లొమా అయ్యాక హైదరాబాద్‌లో ఉద్యోగం, తర్వాత మస్కట్, పెళ్లి, పిల్లలు... అవన్నీ విడిచిపెడతాను. ఇప్పుడు నవీ ముంబయి ఐరోలిలో ఒక డేటా సెంటర్‌లో నెట్‌వర్క్ వైపు బాధ్యత నాది. పెద్ద రౌటర్లు, స్విచ్‌లు. బ్యాంకులవి, ఆస్పత్రులవి. వాటిలో ప్రతిదానికీ రెండు పవర్ సప్లైలు, పెద్దవాటికి నాలుగు, ఆరు. యంత్రం నడుస్తుండగానే ఒకటి లాగి ఇంకొకటి పెట్టొచ్చు. హాట్ స్వాప్ అంటారు. మొదటిసారి దాని కనెక్టర్ లోపలికి టార్చి వేసి చూసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. అందులో పిన్నులన్నీ ఒకే పొడవు ఉండవు. అన్నిటికన్నా పొడుగుది ఎర్త్: పెట్టేటప్పుడు అదే ముందు తగులుతుంది, తీసేటప్పుడు అదే ఆఖరున విడుతుంది. కొన్నిటిలో దాని వెనకే, లోపల ఛార్జి నిల్వ చేసుకునే కెపాసిటర్లను రెసిస్టర్ గుండా మెల్లగా నింపే పిన్ను. ఆ తర్వాత అసలు కరెంటు మోసే పిన్నులు. అన్నిటికన్నా పొట్టిది, పూర్తిగా కూర్చున్నాక 'ఇక మొదలుపెట్టు' అని చెప్పేది. 48 సార్ స్పానర్, జేబులో చేయి, జీపు బల్బు, అన్నీ కలిపి ఎవరో వేలెడంత కనెక్టర్‌లో పెట్టేశారు!

ఇక మా కుర్రాళ్లకి నేను నేర్పేది చెబుతాను. మనవాళ్ల పిల్లలు చాలామంది ఈ లైన్లోనే ఉన్నారట, పనికొస్తుంది.

సప్లై మీద నారింజ లైటు వెలిగిందని పరిగెత్తుకెళ్లి లాగకూడదు. ముందు కన్సోల్‌లో, అంటే యంత్రం స్థితి చూపే తెర మీద చూడాలి, ఏది పోయింది, మిగిలింది మొత్తం లోడు మోయగలదా అని. కొన్ని పెట్టెలు సప్లైలను కలిపి వాడుకునే మోడ్‌లో ఉంటాయి. పెట్టెలో దూర్చే సర్క్యూట్ కార్డులు పెరిగిపోయి రెండు సప్లైలూ కలిస్తేగానీ చాలని స్థితికి వస్తాయి. అలాంటప్పుడు పనిచేస్తున్న రెండిట్లో ఒకదాన్ని పొరపాటున లాగితే కార్డులు ఒకటొకటిగా ఆరిపోతాయి. తర్వాత యంత్రం వెనక్కి వెళ్లి కళ్లతో చూడాలి. తెర మీద రెండో నంబరంటే ఎడమవైపుదా, కుడివైపుదా అన్నది పెట్టెని బట్టి మారుతుంది. లైటు చూసి, లేబుల్ చూసి, పక్కనున్న మనిషితో పైకి చెప్పించాలి.

కొత్తది చేతిలో లేకుండా పాతది లాగకూడదు. ఖాళీ గూడులోంచి గాలి పక్కదారి పట్టి మిగతా పెట్టె వేడెక్కుతుంది. కొత్తది పాతదాని జాతిదే అయ్యుండాలి. ఏసీ పక్కన డీసీ కలపకూడదు. గాలి దిక్కు కూడా కలవాలి. సిస్కో నెక్సస్ స్విచ్‌లలో పిడి నీలం రంగుంటే గాలి పోర్టుల వైపు నుంచి బయటికి పోతుంది, ముదురెరుపు ఉంటే పోర్టుల వైపు నుంచి లోపలికి పీల్చుకుంటుంది. నీలం ఒకటి, ఎరుపు ఒకటి పెడితే రెండు ఫ్యాన్లు ఒకదానికొకటి అడ్డంపడతాయి.

ఇక తీయడం. మణికట్టుకి ఎర్త్ పట్టీ. ముందు ఆ సప్లైకి వచ్చే బ్రేకర్ ఆఫ్, తర్వాత పవర్ తీగ క్లిప్పు విప్పి తీగ తీయాలి. లైటు పూర్తిగా ఆరేదాకా ఆగాలి, లోపల కెపాసిటర్లు ఖాళీ కావాలి. అప్పుడు లాచ్ నొక్కి, పిడి పట్టుకుని, ఇంకో చేయి అడుగున పెట్టి నిదానంగా లాగాలి. కార్డులు దూర్చే పెద్ద ఛాసిస్ పెట్టెల సప్లైలు బాగా బరువు, మోకాలి మీద పడితే ఇంతే సంగతులు. కొత్తది తోసేటప్పుడు పవర్ తీగ తగిలించి ఉండకూడదు. గూట్లో నిటారుగా పెట్టి, లాచ్ టక్కుమనేదాకా తోసి, ఒకసారి వెనక్కి లాగి చూడాలి. అప్పుడు తీగ, క్లిప్పు, ఆఖరున బ్రేకర్. డీసీ అయితే తీగ చివరి లగ్గు బిగించడం, ముందు ఎర్త్ అన్నది మీకు నేను చెప్పాలా? పచ్చలైటు వచ్చాక కన్సోల్‌లో రెండూ లోడు పంచుకుంటున్నాయో లేదో చూసి, అప్పుడే టీకి వెళ్లాలి.

ఇదంతా పెట్టె వెనక పని. అసలు ప్రమాదం తీగ అవతలి చివర ఉంటుంది. ఒకచోట ఆడిట్‌కి పిలిచారు, చోటు పేరు అనవసరం. మెరిసిపోయే స్విచ్, రెండు సప్లైలు, రెండు పచ్చలైట్లు. తీగలు పట్టుకుని కిందికి వెళ్తే రెండూ ఒకే పవర్ స్ట్రిప్‌లో ఉన్నాయి. అలాంటప్పుడు రెండో సప్లై కొన్న డబ్బు బూడిదలో పోసినట్టే. ఒకటి ఎ ఫీడ్, ఒకటి బి ఫీడ్, వేర్వేరు యూపీఎస్‌ల నుంచి రావాలి. అది చాలదు. 32 ఆంపియర్ల స్ట్రిప్పులు రెండు, ఒక్కోదాని మీద 18 ఆంపియర్లు పోతున్నాయనుకోండి. చూడటానికి రెండూ హాయిగానే ఉంటాయి. ఎ పోగానే బి మీద 36 పడుతుంది, అది హద్దు దాటినట్టే, బి కూడా ట్రిప్పవ్వచ్చు. అందుకే మా దగ్గర ఏ స్ట్రిప్పునీ సగం దాటనివ్వం. అన్ని వేల పెట్టెలున్న మా ఫ్లోర్ మీద పవర్ సప్లై మార్పు వల్ల కస్టమర్ లైను పోయిన రోజు ఇంతవరకూ లేదు. ఈ మాట ఇక్కడ రాసుకోవడానికి నాకు గర్వంగానే ఉంది.

2017 మే నెలలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ డేటా సెంటర్‌లో కరెంటు ఆపి, పద్ధతి లేకుండా తిరిగి ఇచ్చారు. ఆ తాకిడికి పరికరాలు దెబ్బతిన్నాయి. దాదాపు 75 వేల మంది ప్రయాణికులు విమానాలు లేక చిక్కుకుపోయారు. ఆ వార్త చదివి మా టీమ్ మొత్తాన్నీ కూర్చోబెట్టి, కోనసీమ కథ మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. హర్యానా అబ్బాయి ఒకడు అప్పటి నుంచి బ్రేకర్ మీద చేయి వేసేముందు "బల్బు?" అని అడుగుతాడు. తేడా చూశావా అని దాని అర్థం.

సార్‌తో మొన్న ఫోన్లో మాట్లాడాను. ఇప్పుడు రాజమండ్రిలో కొడుకు దగ్గర ఉంటున్నారు, సమ్మేళనానికి తప్పకుండా వస్తానన్నారు. గొంతు తగ్గింది, ప్రశ్నలు తగ్గలేదు. హాట్ స్వాప్ కనెక్టర్ గురించి చెబితే, "పొట్టి పిన్ను ముందు విడితే లోడు దిగాకే కరెంటు పిన్ను విడుతుందన్నమాట. అయితే ఆర్క్, అదే నిప్పురవ్వ, రాదు. చాలా బాగా చేశారు" అన్నారు. ఒక్క వాక్యంలో పట్టేశారు! మా ట్రైనింగ్ మెటీరియల్‌లో ఆ ముక్క చెప్పడానికి రెండు పేజీలు పట్టింది.

అందుకని నా ప్రతిపాదన. మా సంస్థ పక్కనపెట్టిన ఛాసిస్ స్విచ్‌లు రెండు, సప్లైలతో సహా కాలేజీకి ఇవ్వడానికి అనుమతి తీసుకున్నాను. లారీ ఖర్చు నాది. పాత టెలిఫోన్ ల్యాబ్‌లోనే పెడదాం. ఫైనలియర్ పిల్లలు నడుస్తున్న యంత్రంలో సప్లై తీసి పెట్టడం చేత్తో చేసి నేర్చుకోవాలి, వీడియో చూసి కాదు. పనులు మాత్రం పంచుకోవాలి. ఎలక్ట్రికల్ బ్రాంచి వాళ్లు ముందురోజే ఎర్త్ మెగ్గర్‌తో రండి, ల్యాబ్ గోడకున్న ఆ ఎర్త్ పట్టీ మన కాలం నాటిది, నమ్మడానికి లేదు. రెండు సప్లైలకీ రెండు వేరే లైన్లు కావాలి, మెయిన్ బోర్డు నుంచి ఒకటి, యూపీఎస్ నుంచి ఒకటి. యూపీఎస్ సంగతి ముక్కామల తమ్ముడు చూస్తానన్నాడు. ల్యాబ్ తాళం ఇప్పుడు ఎవరి దగ్గరుందో కనుక్కుని గ్రూపులో పెట్టండి.