ఎంథాల్పీ లెక్కల్లో మార్కులు పోయేది ఫార్ములా దగ్గర కాదు

ఎంట్రన్స్ రిజల్ట్స్ వచ్చాయి, అనుకున్న ర్యాంకు దక్కింది, మనసు తేలికపడింది. జూనియర్లు ఎక్కువగా అడుగుతున్నది థర్మోడైనమిక్స్ గురించే కాబట్టి ముందు దాని గురించే రాస్తున్నాను. అందులోనూ ఎంథాల్పీ, అంటే స్థిర పీడనం దగ్గర చర్యలో వెలువడే లేదా గ్రహించే వేడి లెక్క, ఆ భాగం మాత్రమే. సిలబస్, పేపర్ ప్యాటర్న్ మీకు తెలిసినవే, వాటి జోలికి వెళ్లను.

ఈ చాప్టర్‌లో ఫార్ములా గుర్తురాక మార్కులు పోగొట్టుకునేవాళ్లు చాలా తక్కువ. పోయేవన్నీ నాలుగు చోట్లే పోతాయి: గుర్తు (ప్లస్, మైనస్), పదార్థం స్థితి (ఘన, ద్రవ, వాయు), మోల్స్ సంఖ్య, యూనిట్. వీటిలో పైకి కనపడకుండా ముంచేది స్థితి. దానికి మీథేన్ దహనాన్ని మించిన ఉదాహరణ లేదు. దీన్ని నిదానంగా, కాగితం పెట్టుకుని చేయండి. కింద చెప్పే విలువలన్నీ మోల్‌కి కిలోజౌల్స్‌లో.

సంశ్లేషణ ఎంథాల్పీ అంటే మూలకాల నుంచి ఒక మోల్ పదార్థం ఏర్పడేటప్పటి ఎంథాల్పీ మార్పు. కార్బన్ డయాక్సైడ్‌ది −393.5, ద్రవ నీటిది −285.8, మీథేన్‌ది −74.8. ఒక మోల్ మీథేన్ కాలితే ఒక మోల్ కార్బన్ డయాక్సైడ్, రెండు మోల్స్ నీరు వస్తాయి. వచ్చిన వాటి మొత్తంలోంచి మీథేన్‌ది తీసేస్తే −890.3. ఇప్పుడు నీరు ఆవిరి రూపంలో వచ్చిందని ప్రశ్నలో ఉంటే −285.8 బదులు −241.8 వేయాలి. జవాబు −802.3 అవుతుంది. తేడా 88, అంటే రెండు మోల్స్ నీటికి 44 చొప్పున. ఈ 44 అనేది 298 కెల్విన్ దగ్గర నీటి బాష్పీభవన ఎంథాల్పీ. 100 డిగ్రీల దగ్గర విలువ 40.7 దాకా ఉంటుంది. అది బాగా కంఠతా వచ్చి ఉంటుంది కాబట్టి చాలామంది దాన్నే ఇక్కడా వేసేస్తారు, 7 కిలోజౌల్స్ దాకా తేడా వచ్చి ఆప్షన్ దొరక్క తికమకపడతారు.

ఇదే లెక్క బంధ ఎంథాల్పీలతో, అంటే ఒక్కో బంధాన్ని తెంచడానికి పట్టే శక్తితో చేద్దాం. కార్బన్-హైడ్రోజన్ 414, ఆక్సిజన్ ద్విబంధం 498, ఆక్సిజన్-హైడ్రోజన్ 463, కార్బన్ డయాక్సైడ్‌లోని ఒక్కో కార్బన్-ఆక్సిజన్ ద్విబంధం 799. తెంచడానికి 4×414 + 2×498 = 2652. ఏర్పడేటప్పుడు వెలువడేది 2×799 + 4×463 = 3450. నికరంగా −798. ఈ −798 దేనికి దగ్గరగా ఉందో చూడండి. −802కి దగ్గర, −890కి కాదు. బంధ ఎంథాల్పీ అంటేనే వాయు స్థితిలోని అణువు లెక్క. అంటే బంధాలతో చేసిన ప్రతి లెక్కలోనూ, మీరు రాసినా రాయకపోయినా, నీరు ఆవిరిగానే ఉంటుంది. ప్రశ్నలో ద్రవ నీరు అంటే ఇంకో 88 తీసేయాలి, −886 వస్తుంది. మిగిలిన నాలుగు యూనిట్ల తేడా మన తప్పు కాదు, సగటు విలువలు వాడటం వల్ల వచ్చేది.

ఇక్కడే ఇంకో గొయ్యి ఉంది. పట్టికల్లో కార్బన్-ఆక్సిజన్ ద్విబంధానికి 741 అని కూడా కనపడుతుంది. అది ఆల్డిహైడ్లు, కీటోన్ల లాంటి సమ్మేళనాలకు పనికొచ్చే సగటు. కార్బన్ డయాక్సైడ్‌కి అదే వేస్తే −682 వస్తుంది, ఏకంగా 116 తేడా. ప్రశ్నలో విలువ ఇస్తే అదే వాడండి, మారు ఆలోచన వద్దు. ఇవ్వకపోతే మాత్రం ఏ అణువులోని బంధమో చూడండి.

గ్రాఫైట్ ఉన్న లెక్కల్లో ఇదే జబ్బు ఇంకో రూపంలో వస్తుంది. మీథేన్ సంశ్లేషణ ఎంథాల్పీని బంధాలతో కట్టమంటే, ఘన కార్బన్‌ని వాయు పరమాణువుగా మార్చే 717 ముందు కలపాలి. హైడ్రోజన్ అణువులోని బంధానికి 436 వేస్తే, 717 + 2×436 − 4×414 = −67. అసలు విలువ −74.8, దగ్గరే. 717 మరిచిపోతే −784 వస్తుంది. అంత పెద్ద సంఖ్య వచ్చినప్పుడైనా అనుమానం రావాలి.

ఇక గుర్తు. సంశ్లేషణ ఎంథాల్పీలు ఇస్తే ప్రొడక్ట్స్ లోంచి రియాక్టెంట్స్ తీసేయాలి. దహన ఎంథాల్పీలు, బంధ ఎంథాల్పీలు ఇస్తే రియాక్టెంట్స్ లోంచి ప్రొడక్ట్స్ తీసేయాలి. దీన్ని బట్టీ పడితే పరీక్ష హాల్లో తారుమారవుతుంది, అందులోనూ తెలుగు మీడియం వాళ్లకి క్రియాజనకాలు, క్రియాజన్యాలు అనే మాటలే ఒకదానికొకటి అంత దగ్గరగా ఉంటాయి. బట్టీకి బదులు గీత గీయండి. దహనంలో రియాక్టెంట్స్, ప్రొడక్ట్స్ రెండూ కిందున్న ఒకే మెట్టుకి, అంటే కార్బన్ డయాక్సైడ్, నీటి దగ్గరికి దిగుతాయి. సంశ్లేషణలో రెండూ మూలకాలనే ఒకే మెట్టు నుంచి బయలుదేరతాయి. బాణం దిశ మారింది కాబట్టే తీసివేత దిశ మారింది.

ఈథీన్‌ని ఈథేన్‌గా హైడ్రోజనీకరణం చేసే చర్యతో సరిచూసుకోండి. దహన విలువలు: ఈథీన్ −1411, హైడ్రోజన్ −286, ఈథేన్ −1560. −1411 − 286 + 1560 = −137. సంశ్లేషణ విలువలు: ఈథేన్ −84.7, ఈథీన్ +52.3. −84.7 − 52.3 = −137. రెండు దారులూ ఒకే చోటికి వచ్చాయి. 1840లో హెస్ చెప్పింది ఇదే: ఏ దారిన వెళ్లినా మొత్తం ఎంథాల్పీ మార్పు ఒకటే. ద్విబంధానికి హైడ్రోజన్ కలపడం ఉష్ణమోచకం (వేడి వెలువడే చర్య) అని తెలిసినవాళ్లు +137 వస్తే పెన్ను ఆపాలి.

గీత గీస్తూ కూర్చుంటే టైం పోతుందని చాలామంది అంటారు. ఈ మాట నేను ఒప్పుకోను. మూడు మెట్లు, మూడు బాణాలు గీయడానికి ఇరవై సెకన్లు చాలు. జేఈఈ మెయిన్‌లోనూ నీట్‌లోనూ తప్పు జవాబుకి రావలసిన నాలుగు పోయి, పైన ఒకటి తెగుతుంది. ఈఏపీసెట్‌లో నెగెటివ్ లేదు కాబట్టి అక్కడ తొందరపడొచ్చు అనుకోకండి. తొందరపాటు అలవాటైతే అన్ని పరీక్షలకీ వెంట వస్తుంది. రోజుకి ఐదు లెక్కలు, ప్రతిదాంట్లో స్థితి రాసి, గీత గీసి చేయడం ఆదివారం కూర్చుని యాభై దంచడం కంటే మేలు. తప్పు పోయిన ప్రతి లెక్క పక్కన పైన చెప్పిన నాలుగింటిలో ఏది కారణమో ఒక్క మాట రాయండి. 'సిల్లీ మిస్టేక్' అని మాత్రం రాయకండి, దాంతో ఏదీ దిద్దుకోలేరు.

అయానిక ఘనం ఏర్పడే దారిని అడుగులుగా విడదీసి కట్టే బార్న్-హేబర్ చక్రంలో సోడియం క్లోరైడ్ ఒక్కటి గట్టిగా వస్తే చాలు. సోడియం ఉత్పతనం (ఘనం నుంచి నేరుగా వాయువు) 108.4, అయనీకరణం 496, క్లోరిన్ సగం అణువుని తెంచడానికి 121, ఎలక్ట్రాన్ గ్రహణం −348.6, సంశ్లేషణ −411.2. జాలక ఎంథాల్పీ, అంటే స్ఫటికాన్ని వాయు అయాన్లుగా విడదీయడానికి కావాల్సింది, 788. సగం మరిచి 242 వేస్తే 909 వస్తుంది, అది ఆప్షన్లలో ఉండొచ్చు. మెగ్నీషియం క్లోరైడ్ అయితే 242 మొత్తం వేయాలి, ఎలక్ట్రాన్ గ్రహణం రెండింతలు, అయనీకరణం మొదటిదీ రెండోదీ కలపాలి. ఉప్పు నీళ్లలో కరిగే లెక్కలో 788కి హైడ్రేషన్ (అయాన్లని నీటి అణువులు చుట్టుకోవడం) −784 కలిపితే +4, కొద్దిపాటి ఉష్ణగ్రాహకం.

డెల్టా హెచ్ (ఎంథాల్పీ మార్పు), డెల్టా యూ (అంతర్గత శక్తి మార్పు) తేడాలో వాయువుల మోల్స్ మాత్రమే లెక్కపెట్టండి. 298 కెల్విన్ దగ్గర ద్రవ బెంజీన్ కాలి ద్రవ నీరు వస్తే వాయువుల మోల్స్ తేడా −1.5, బెంజీన్‌ని వాయువు అనుకుంటే −2.5. దాన్ని వాయు స్థిరాంకం ఆర్‌తో, ఉష్ణోగ్రతతో గుణించాలి. ఆర్ విలువ 8.314 జౌల్స్‌లో ఉంటుంది, వెయ్యితో భాగించాకే డెల్టా హెచ్ −3267 పక్కన పెట్టాలి. డెల్టా యూ −3263.3 అవుతుంది.

చివరగా కెలోరీమీటర్. 50 మిల్లీలీటర్ల 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అంతే సోడియం హైడ్రాక్సైడ్, ఉష్ణోగ్రత 6.8 డిగ్రీలు పెరిగింది. ఒక మోల్ నీరు ఏర్పడితే వెలువడే వేడి ఎన్ని కిలోజౌల్స్ అని ప్రశ్న. ద్రవ్యరాశి మొత్తం ద్రావణానిది, 100 గ్రాములు. మోల్స్ ఏర్పడిన నీటివి, 0.05. 50 గ్రాములు వేసినా 28.4 వస్తుంది, 0.1 మోల్ వేసినా అదే 28.4 వస్తుంది. రెండు తప్పులకీ ఒకే ఆప్షన్ చాలు కాబట్టి పేపర్ పెట్టేవాళ్లు దాన్ని వదలరు. రెండు ద్రావణాలూ 100 మిల్లీలీటర్ల చొప్పున కలిపితే ఎంత పెరుగుతుందని అడిగితే అదే 6.8, ఎందుకంటే వేడి రెట్టింపైంది, వేడెక్కాల్సిన ద్రావణమూ రెట్టింపైంది. సరైన లెక్క 100×4.18×6.8 = 2842 జౌల్స్ (4.18 నీటి విశిష్టోష్ణం), అంటే 2.842 కిలోజౌల్స్, 0.05తో భాగిస్తే 56.85. జేఈఈ మెయిన్‌లో దగ్గరి పూర్ణాంకం అడిగితే 57. మధ్యలోనే 2842ని 2.8 కిలోజౌల్స్ అని కుదించి భాగిస్తే 56 వస్తుంది, లెక్కంతా సరిగ్గా చేసీ మార్కులు పోతాయి. కుదించేది ఆఖరి అడుగులోనే.