కృష్ణ ఇసుకలో ఫ్లై క్యాస్టింగ్

గుంటూరు నుంచి విజయవాడ వెళ్లొచ్చి దానికి యాత్ర అని పేరు పెడితే మా ఇంట్లోవాళ్లే నవ్వుతారు. మంగళగిరి దాటాక కునుకు పట్టేలోపే కనకదుర్గ వారధి వచ్చేస్తుంది. కానీ ఈ సంక్రాంతికి నేను వెళ్లిన పని మామూలుది కాదు. ఫ్లై క్యాస్టింగ్, అంటే ఈక చుట్టిన తేలికపాటి ఎరని గాలపు రాడ్డుతో దూరంగా విసరడం నేర్చుకోవడానికి వెళ్లాను.

మా మేనత్త కొడుకు కెనడాలో, కాల్గరీలో ఉంటాడు. ఆ ఊరి మధ్యలోంచే బో నది పారుతుంది. ట్రౌట్ చేపలకి పేరున్న నది అది. ఆఫీసు అయ్యాక అక్కడికి వెళ్లీ వెళ్లీ బావకి ఈ పిచ్చి పట్టింది. పండక్కి వస్తూ రాడ్డు కూడా తెచ్చుకున్నాడు. నాలుగు ముక్కలుగా గొట్టంలో సర్దేసే కార్బన్ ఫైబర్ రాడ్డు, కలిపితే 9 అడుగులు. నాకేమో వేసవి ముందు హిమాచల్‌లో తీర్థన్ నదికి వెళ్లాలని ఉంది. అక్కడ ట్రౌట్ సీజన్ మార్చి 1న మొదలవుతుంది. విసరడం రాకుండా అంత దూరం వెళ్తే రైలు ఛార్జీలు దండగ కదా.

మన గాలానికీ దీనికీ అసలు తేడా బరువులో ఉంది. మన గాలంలో సీసపు గుండు ముందుకు పోతూ దారాన్ని వెంట లాక్కుపోతుంది. ఇక్కడ ఎర అంటే చిన్న కొక్కేనికి చుట్టిన ఈకా దారమూ, అంతే. దానికి బరువే ఉండదు కాబట్టి దూరం పోయే శక్తీ ఉండదు. బరువంతా లైనుది, అంటే విసిరే దారానిది. బావ రాడ్డుకి సరిపోయే 5 నంబరు లైనులో మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు తూగుతుంది. ఆ బరువుకి రాడ్డు వంగాలి, వంగినది నిటారవుతూ లైనుని ముందుకు తోయాలి. గాలిలో లైను ఒక మెలికలా తిరిగి విప్పుకుంటూ పోతుంది. దాన్నే లూపు అంటారు. మన చేతిలో ఉన్నదల్లా ఆ లూపుని సన్నగా రప్పించడమే.

అత్తయ్యవాళ్లది కృష్ణలంక. పొద్దున్నే పద్మావతి ఘాట్ మెట్లు దిగాం. బ్యారేజీకి దిగువన జనవరిలో నీళ్లు ఎక్కడో పాయలుగా పోతుంటాయి, మిగతాదంతా ఇసుకా గడ్డీ. కాస్త అవతల పిల్లల క్రికెట్. బావ లీడరు (లైను కొసకి కట్టే సన్నటి దారం) చివర కొక్కెం బదులు ఎర్ర ఉన్ని దారం ముక్క కట్టాడు. కొక్కెం లేకపోయినా నాకు టోపీ, కళ్లద్దాలు పెట్టందే రాడ్డు చేతికివ్వలేదు. తర్వాత జేబులోంచి పొట్లం తీశాడు. అత్తయ్య డబ్బాలోంచి తెచ్చిన ముగ్గు పిండి! దాంతో గడ్డి మీద తిన్నగా పొడుగాటి గీత పోశాడు.

నన్ను ఆ గీతకి రాడ్డంత దూరంలో, గీత నా ముందు ఎడమ నుంచి కుడికి పోయేలా నిలబెట్టాడు. రాడ్డుని నేలకి సమాంతరంగా పట్టుకుని, దాని కొస సరిగ్గా ముగ్గు మీదుగా కదిలేలా అటూ ఇటూ విసరాలి. ప్రతి విసురు తర్వాత లైనుని కింద పడనిచ్చి చూసుకోవాలి. ఈ పద్ధతిలో ఉన్న సుఖం ఏమిటంటే, తల మీదుగా విసిరేటప్పుడు వీపు వెనక ఏం జరుగుతోందో కనిపించదు, ఇక్కడ రెండు వైపులా కళ్ల ముందే ఉంటాయి. కొస గీత మీదే నడిస్తే లూపు సన్నగా వచ్చింది. చెయ్యి విసనకర్ర ఊపినట్టు గుండ్రంగా తిరిగితే కొస గీత దాటి వంపు గీసింది, లూపు ఇంత వెడల్పుగా తెరుచుకుని లైను కుప్పగా పడింది. ఎవరూ చెప్పక్కర్లేదు, ముగ్గే చెప్పేస్తుంది.

"బలం ఎందుకురా అంత? నిదానంగా మొదలుపెట్టి వేగం పెంచుకుంటూ పోయి టక్కున ఆపు. పొద్దున అమ్మ కల్లాపి చల్లుతుంటే చూశావుగా. చెయ్యి ఆగితేనే నీళ్లు వెళ్తాయి" అన్నాడు బావ.

ఆపడం ఒక ఎత్తు, ఆగడం ఇంకో ఎత్తు. వెనక్కి విసిరిన లైను పూర్తిగా విప్పుకునేదాకా చెయ్యి కదలకూడదు. లైను పొడుగైన కొద్దీ ఆ విరామం పెరగాలి, చెయ్యి కదిలే దూరమూ పెరగాలి. తొందరపడితే లైను సగంలోనే వెనక్కి లాగబడి కొరడా చప్పుడు చేస్తుంది. అసలు నదిలో అయితే ఆ చప్పుడుతో ఎర తెగి పోతుంది. ముందుకు తోసే మొదట్లోనే ఒక్కసారిగా బలం పెడితే ఇంకో తంటా. రాడ్డు కొస కిందికి దిగి, లూపు పై భాగం కింది భాగాన్ని దాటేసి లీడరుకి ముడి పడుతుంది. గాలి వల్ల పడిందనుకుంటాం గానీ, ఎక్కువసార్లు ఆ ముడి చేతి పనే. అది పడ్డచోట దారం బలం బాగా తగ్గిపోతుంది.

మణికట్టు తిరగకుండా ఉండటానికి రాడ్డు పిడి చివరని నా పొడుగు చేతుల చొక్కా కఫ్‌లోకి దూర్చాడు. ఇక మణికట్టు తిప్పుదామన్నా తిరగదు. ఆ తర్వాత కళ్లు మూసుకుని విసరమన్నాడు, రాడ్డు వంగడం చేతికి తెలియాలని. చీకట్లో అన్నం తింటున్నా చెయ్యి నోటికే పోతోందని గమనించి అర్జునుడు రాత్రిళ్లు బాణాలు వేయడం సాధన చేశాడంటారు. ఆయన తపస్సు చేసిన ఇంద్రకీలాద్రి ఎగువన కనబడుతూనే ఉంది. నేనది గుర్తుచేస్తే, "కథలు తర్వాత, మోచెయ్యి దించు" అన్నాడు.

తొమ్మిదయ్యాక గాలి లేచింది, నా కుడి భుజం వైపు నుంచే. కుడిచేత్తో విసిరేవాడికి అది ప్రమాదం, లైను మొహం మీదికి వస్తుంది. రాడ్డుని తల మీదుగా ఎడమ పక్కకి వాల్చి విసరడం ఒక మార్గం. వీపు తిప్పి నిలబడి, వెనక విసురుతోనే లైనుని అనుకున్న చోట పడెయ్యడం ఇంకోటి. రెండోదే నాకు కుదిరింది. ఎండ ముదిరాక లైను కూడా మొరాయించింది. చల్లటి నీళ్ల కోసం తయారైన లైను మన వేడికి మెత్తబడి, రాడ్డు రింగులకి అంటుకుంటూ జారదు. వేడి ప్రాంతాలకి వేరే లైన్లు వస్తాయి, కొనేవాళ్లు అడిగి తీసుకోవడం మంచిది.

క్రికెట్ పిల్లలు ఈలోగా చుట్టూ మూగారు. "అన్నా, చేపలు పడ్డాయా?" అని ఒకడు. గడ్డిలో చేపలేమిట్రా అని ఇంకొకడు వాణ్ణి తన్నాడు. నిజానికి ఇదేం వింత కాదు. శాన్ ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ పార్కులో దీని కోసమే 1938లో కాంక్రీటు కొలనులు కట్టారు. వాటిలో వేట ఉండదు, జనం వచ్చి ఊరికే విసిరి వెళ్తారు. అమెరికాలో జోన్ వుల్ఫ్ అనే ఆవిడ 1960లో 161 అడుగులు విసిరింది. నాకా రోజు 35 అడుగులకే భుజం లాగేసింది. బావ లెక్కలో అదీ ఎక్కువే.

మర్నాడు బాబాయి హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తిని, బండి మీద ప్రకాశం బ్యారేజీ దాటి సీతానగరం వైపు నీళ్లున్న మెట్ల దగ్గరికి వెళ్లాం. రోల్ క్యాస్ట్ కోసం. వెనక మెట్లో చెట్లో ఉండి లైను వెనక్కి పోయే చోటు లేనప్పుడు ఇదే దారి. రాడ్డు కొసని నెమ్మదిగా చెవి పక్కకి తెచ్చి, లైను భుజం వెనక సంచిలా వేలాడేదాకా ఆగి, ముందుకు విసరాలి. దీన్ని గడ్డి మీద నేర్చుకోలేం. ముందున్న లైనుని నీళ్లు పట్టి ఉంచితేనే రాడ్డు వంగుతుంది.

పక్క మెట్టు మీద ఒక పెద్దాయన విసురు వల బాగుచేసుకుంటున్నాడు. చాలాసేపు చూసి, దగ్గరికొచ్చి రాడ్డు పట్టుకుని వంచి చూశాడు.

"ఎంత బాబూ ఇది?"

బావ సగం ధరే చెప్పాడు.

"ఆ డబ్బుకి నాకు కొత్త వలలు వస్తాయి, పైగా చేపలూ పడతాయి" అని రాడ్డు తిరిగిచ్చేశాడు. వెళ్తూ వెళ్తూ మా ముందే వల విసిరాడు. నడుం ఒక్క తిప్పు తిప్పాడు, అంచున సీసపు గుళ్లు నాలుగు వైపులా లాగితే వల గుండ్రంగా విచ్చుకుని నీళ్లలో పడింది. నాలుగు జిలేబీ చేపలు. మా ఎర్ర ఉన్ని దారం వైపు మళ్లీ చూడలేదాయన.

కనుమ వెళ్లాక బావ కాల్గరీ ఫ్లైటెక్కాడు, రాడ్డు నా దగ్గర వదిలేసి. ఇప్పుడు గుంటూరులో మా వీధి చివర ఖాళీ స్థలంలో పొద్దున్న కాసేపు విసురుతున్నాను. ఆదివారం గంటల తరబడి చేసి భుజం నొప్పి తెచ్చుకునే కంటే, రోజూ పావుగంట చేస్తేనే చేతికి త్వరగా పట్టుబడుతోంది. గురిగా పాత సైకిల్ టైరు పెట్టుకున్నాను. దాని చుట్టూ వీధికుక్కలు కాపలా. ఫోను పక్క నుంచి పెట్టి తీసిన వీడియోలు బావకి పంపుతుంటాను. నిన్నటి దానికి జవాబొచ్చింది: "వెనకాల ఇంకా తొందరే. 30 అడుగులు దాటకు. ఆ నల్లకుక్క మాత్రం లైనుని భలే గమనిస్తోందిరా."