జాతి నిర్మూలనను ఆపే సైన్యం: ఈ ఒక్క టాపిక్ నేను ఎలా చదివానంటే

ఫ్రెండ్స్, నాది తెలుగు మీడియం, ఆప్షనల్ పొలిటికల్ సైన్స్. పోయినేడు మెయిన్స్ ముందు ఒక మాక్ టెస్టులో "జాతి నిర్మూలనను అడ్డుకోడానికి ఐక్యరాజ్యసమితికి సొంతంగా ఒక శాశ్వత సైనిక దళం ఉండాలా? చర్చించండి" అని 15 మార్కుల ప్రశ్న ఇచ్చారు. 250 పదాలు టైమ్‌లోనే రాశా, వీటో (భద్రతా మండలిలోని ఐదు శాశ్వత దేశాల్లో ఏ ఒక్కటి వద్దన్నా తీర్మానం ఆగిపోవడం) గురించి రాశా, సార్వభౌమాధికారం రాశా, భద్రతా మండలిలో సంస్కరణలు రావాలని ముగించా, నాలుగు మార్కులొచ్చాయి. పేపర్ దిద్దిన సార్ పక్కన ఎర్ర పెన్నుతో రెండే ముక్కలు రాశారు. "ఎవరు పంపాలి? ఎవరు వెళ్ళాలి?" అప్పటిదాకా ఈ రెండూ వేరువేరు ప్రశ్నలని నాకు తట్టనే లేదు. తర్వాత మూడు వారాలు రోజూ సాయంత్రం గంటన్నర దీనికే పెట్టా, ఒక్క టాపిక్‌కి ఇంత అవసరమా అని రూమ్మేట్స్ అన్నారు, కానీ చదివేకొద్దీ ఇది మార్కుల కోసం చదివి పక్కన పెట్టేసే విషయం కాదనిపించింది, అందుకే మీకోసం రాస్తున్నా.

ముందు మాట దగ్గర మొదలుపెట్టండి. తెలుగు మీడియం వాళ్ళకి ఇక్కడే దెబ్బ పడుతుంది. మన పేపర్లలో నరమేధం, మారణహోమం, ఊచకోత, జాతిహననం అన్నీ కలిపి వాడేస్తారు, బాంబు పేలినా మారణహోమమే, ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టినా మారణహోమమే. ఆన్సర్‌లో అలా రాయకూడదు. 1944లో రాఫెల్ లెమ్కిన్ అనే పోలండ్ యూదు లాయర్ జెనోసైడ్ అనే మాట పుట్టించాడు, 1948 డిసెంబర్ 9న ఐరాస ఒప్పందం ఆమోదించింది, మన దేశం 1959లో అందులో చేరింది. మొత్తం 19 ఆర్టికల్సే, గంటలో చదివేయొచ్చు, నోట్స్ కాకుండా ఒరిజినల్ చదవండి. రెండో ఆర్టికల్లో అసలు కీలకం ఉద్దేశం. ఒక జాతిని, మతాన్ని, తెగని పూర్తిగానో కొంతవరకో లేకుండా చేయాలనే ఉద్దేశంతో చేసినప్పుడే అది జాతి నిర్మూలన. చంపడం ఒక్కటే కాదు, ఆ గుంపులో పిల్లలు పుట్టకుండా చేయడం, ఉన్న పిల్లల్ని లాక్కుపోయి వేరే వాళ్ళలో కలిపేయడం కూడా అందులోకే వస్తాయి. ఇక మొదటి ఆర్టికల్లో శిక్షించడంతో పాటు "నివారించడం" కూడా మా బాధ్యత అని దేశాలన్నీ ఒప్పుకున్నాయి. శిక్షించడానికి కోర్టులొచ్చాయి, నివారించడానికి మాత్రం చేతిలో ఏముంది? మన ప్రశ్న పుట్టేది ఇక్కడే.

తర్వాత నేను చేసిన పని, పది కేసులు పైపైన చదవడం మానేసి ఆఫ్రికాలోని ఒక్క రువాండా పట్టుకున్నా. చార్ట్ పేపర్ మీద స్కేలు పెట్టి వంద గడులు గీశా, 1994 ఏప్రిల్ 7 నుంచి ఒక్కో గడి ఒక్కో రోజు. పైన నల్ల ఇంకుతో అక్కడ నేల మీద ఏం జరిగిందో, కింద నీలం ఇంకుతో అదే రోజు ఐరాస ఆఫీసున్న న్యూయార్క్‌లో ఏం జరిగిందో. మంచం పక్కన గోడకి అతికించా. చాలా గడుల్లో కింద భాగం ఖాళీగా ఉండిపోయింది, పొద్దున లేవగానే కళ్ళకి కనపడేది ఆ తెల్లటి ఖాళీయే. వంద రోజుల్లో సుమారు 8 లక్షల మంది చనిపోయారు ఫ్రెండ్స్, ఎక్కువమంది అక్కడి మైనారిటీ తెగ టుట్సీలు, వాళ్ళతో పాటు చంపడానికి ఒప్పుకోని మెజారిటీ తెగ హుటూలు కూడా. చంపించింది హుటూ అతివాదుల ప్రభుత్వం.

మనం మామూలుగా "సమాచారం ఆలస్యంగా అందింది" అని రాసేస్తాం కదా, అది తప్పు. అక్కడున్న ఐరాస దళం కమాండర్, కెనడా జనరల్ రోమియో డలేర్, జనవరి 11నే న్యూయార్క్‌కి సందేశం పంపాడు, హుటూ అతివాదులు ఆయుధాలు దాచారని, టుట్సీలని చంపడానికి లిస్టులు తయారవుతున్నాయని. ఆయుధాలు పట్టుకుంటానంటే పైనుంచి వద్దన్నారు. ఏప్రిల్ 6 రాత్రి అధ్యక్షుడి విమానం కూల్చేశారు, మర్నాడే ప్రధానమంత్రిని చంపారు, ఆమెకి కాపలాగా వెళ్ళిన పదిమంది బెల్జియం సైనికుల్ని కూడా చంపారు. దాంతో బెల్జియం తన దళాన్ని వెనక్కి పిలుచుకుంది. ఏప్రిల్ 11 గడి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయా. రాజధాని కిగాలీలో ఒక టెక్నికల్ స్కూల్లో సుమారు రెండు వేల మంది బెల్జియం సైనికుల అండన తలదాచుకున్నారు, సైనికులు వెళ్ళిపోతుంటే బండ్లకి అడ్డం పడి బతిమాలారు, బండ్లు వెళ్ళిపోయాయి, ఆ రోజే వాళ్ళలో ఎక్కువమందిని చంపేశారు.

ఇక్కడ ఒక విషయం తప్పకుండా గుర్తుపెట్టుకోండి, నా రెండో ఆన్సర్‌ని మార్చేసింది ఇదే. విమానం కూలిన మూడో రోజుకే, అంటే ఏప్రిల్ 9కే ఫ్రాన్స్ సైనికులు కిగాలీ ఎయిర్‌పోర్టులో దిగారు, వెనకాలే బెల్జియం, ఇటలీ వాళ్ళు, మొత్తం వెయ్యికి పైగానే. విదేశీయుల్ని విమానాలెక్కించుకుని వెళ్ళిపోయారు. అంటే అంత త్వరగా చేరడం సాధ్యమే అన్నమాట. ఏప్రిల్ 21న భద్రతా మండలి 912వ తీర్మానంతో, మొదట్లో సుమారు రెండున్నర వేలున్న దళాన్ని 270కి తగ్గించమంది. మే 17న 918వ తీర్మానంతో 5,500 మందిని పంపుతామంది. ఆ టైమ్‌కి 19 దేశాలు "అవసరమైతే మా సైనికులు సిద్ధం" అని ముందే పేరిచ్చి ఉన్నాయి, రువాండాకి పంపండి అంటే ఒక్కటీ ఒప్పుకోలేదు. జులై 25 నాటికి కూడా అక్కడున్నది 550 మందే. అప్పటికే తిరుగుబాటు దళం ఆర్పీఎఫ్ దేశాన్ని పట్టుకుంది, చంపడం ఆగింది కూడా వాళ్ళవల్లే.

ఇప్పుడు ఆ ఎర్ర పెన్ను ప్రశ్నలు రెండూ మళ్ళీ చూడండి. ఏప్రిల్‌లో జరిగింది "ఎవరు పంపాలి" అనే ఫెయిల్యూర్, మండలికే ఇష్టం లేదు. మే తర్వాత జరిగింది "ఎవరు వెళ్ళాలి" అనే ఫెయిల్యూర్, మండలి సరే అన్నా మనుషుల్లేరు. శాశ్వత దళం వస్తే రెండోది తీరుతుంది, మొదటిది తీరదు. ఈ తేడా ఆన్సర్ మొదటి నాలుగు లైన్లలోనే పెట్టండి, మిగతాదంతా దాని చుట్టూ తిరగాలి.

ఆ "ఎవరు వెళ్ళాలి" అనేది నాకు బాగా అర్థమైంది సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు. మా ఊళ్ళో ఆర్మీలో హవల్దారుగా రిటైరైన బాబాయ్ ఒకాయన కాంగోలో ఐరాస డ్యూటీ చేశాడు, నీలం టోపీ ఇప్పటికీ బీరువాలో కవరు చుట్టి దాచుకున్నాడు. ఆర్డర్ వచ్చాక ఎన్నాళ్ళకి బయల్దేరారు బాబాయ్ అని అడిగితే నవ్వి, "అంత తేలిగ్గా కుదురుద్దా అబ్బాయ్, ఎల్లో ఫీవర్ సూదులు, బండ్లన్నిటికీ తెల్ల పెయింటు, సామాను ఓడకెక్కించడం, నెలలు పట్టింది" అన్నాడు. ప్రతి మిషన్‌కీ ఇదంతా మొదట్నించీ చేయాలి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం అంటారే, అచ్చం అదే. ఐరాస వాళ్ళే 2000లో వేసిన బ్రహిమి కమిటీ, మామూలు మిషన్ 30 రోజుల్లో, క్లిష్టమైనది 90 రోజుల్లో దిగాలని టార్గెట్ పెట్టింది. రువాండాలో 90 రోజులంటే దాదాపు అంతా అయిపోయినట్టే.

చరిత్ర భాగం క్లుప్తంగా చాలు. ఐరాస చార్టర్ ఆర్టికల్ 43లోనే దేశాలు మండలికి సైన్యం కేటాయించేలా ఒప్పందాలు చేసుకోవాలని ఉంది, ఈరోజుకీ ఒక్కటి కూడా జరగలేదు. 1948లోనే మొదటి సెక్రటరీ జనరల్ ట్రిగ్వే లీ చిన్న గార్డు దళం అడిగారు, పెద్ద దేశాలు ఒప్పుకోలేదు. 1996లో డెన్మార్క్ కేంద్రంగా షిర్‌బ్రిగ్ అని, ఐరాస పిలిస్తే వెళ్ళడానికి కొన్ని దేశాలు కలిసి ఒక బ్రిగేడ్ పెట్టారు, 2009లో మూసేశారు. యూరోపియన్ యూనియన్ బాటిల్‌గ్రూపులు (త్వరగా దిగడానికి పెట్టిన చిన్న దళాలు) 2007 నుంచి రెడీగా ఉన్నాయి, ఒక్కసారీ దిగలేదు. వీటన్నిట్లో ఉన్న లోపం ఒకటే, సైనికుడు ఏ దేశం వాడో ఆ దేశం ప్రభుత్వమే ఆఖరి మాట చెబుతుంది. అందుకే 2006లో వచ్చిన యునెప్స్ (యూఎన్ ఎమర్జెన్సీ పీస్ సర్వీస్) ప్రతిపాదన ముఖ్యం. అందులో దేశాల నుంచి దళాలు తీసుకోరు, మనుషుల్ని నేరుగా ఐరాసే ఉద్యోగంలోకి తీసుకుంటుంది, పది వేలకి పైగా మంది, సైనికులతో పాటు పోలీసులు, డాక్టర్లు, లాయర్లు, అనుమతి వస్తే 48 గంటల్లో బయల్దేరాలి. పదిమంది చనిపోతే బెల్జియం వెనక్కి పిలిచింది చూశారా, ఇక్కడ అలా పిలవడానికి ఏ దేశానికీ హక్కుండదు. నాకు దీంట్లో బలంగా నచ్చింది అదే.

వ్యతిరేక వాదనలు కూడా నిజాయితీగా రాయాలి, ఊరికే రెండు లైన్లు పడేస్తే దిద్దేవాళ్ళకి తెలిసిపోతుంది. ఒకటి, మండలే దారి ఇవ్వకపోతే ఎంత గొప్ప దళమైనా బ్యారక్స్‌లోనే ఉంటుంది. 1994లో రువాండా ప్రభుత్వమే మండలిలో సభ్యదేశం, చంపిస్తున్న వాళ్ళ ప్రతినిధి అదే టేబుల్ దగ్గర కూర్చున్నాడు. రెండోది లిబియా, 2011లో పౌరుల్ని కాపాడమని 1973వ నంబరు తీర్మానం ఇస్తే అది ప్రభుత్వాన్ని దించేదాకా పోయింది, ఆ ఓటింగ్‌కి మన దేశం దూరంగా ఉంది. చిన్న దేశాలకి ఆ భయం ఉండటం న్యాయమే. మన దేశం వాదన సపరేట్‌గా ఒక పేరా రాయండి. ఇప్పటిదాకా 2 లక్షల 90 వేలకి పైగా సైనికుల్ని శాంతి దళాలకి పంపిన దేశం మనది, అయినా ఆతిథ్య దేశం (దళం దిగే దేశం) ఒప్పుకోవాలి, తటస్థంగా ఉండాలి అనే పట్టు వదలదు. కానీ 1971లో తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి ఊచకోతలకి భయపడి కోటి మంది మన దగ్గరికి పరుగెత్తుకొచ్చినప్పుడు సైన్యాన్ని పంపకుండా ఆగలేదు కదా. కంబోడియాలో లక్షల మందిని చంపించిన పోల్‌పాట్‌ని దించింది కూడా పక్కనున్న వియత్నామే. ఆపింది పక్క దేశమో తిరుగుబాటుదారులో తప్ప ఐరాస సైన్యం కాదు, ఈ పాయింట్ మంచి ఆన్సర్లలో కూడా కనపడదు, మీరు రాయండి.

రెండోసారి ఇలాంటి ప్రశ్నే ఇంకో టెస్టులో వస్తే ఎనిమిదిన్నర వచ్చాయి. దళం కావాలనే రాశా, వీటో సమస్య దాంతో తీరదని కూడా రాశా, అలా రెండూ ఒప్పుకుంటూ ఒకవైపు నిలబడటానికి భయపడకండి.

ఆ చార్ట్ పక్కన ఇప్పుడు ఇంకోటి గీస్తున్నా, సూడాన్ దేశంలో దార్ఫుర్‌లోని అల్ ఫాషిర్ ఊరిది. అక్కడ ఒకప్పుడు యునామిడ్ అని పెద్ద శాంతి దళం ఉండేది, 2020 డిసెంబర్ 31తో దాని గడువు ముగించేశారు. 2024 మే నుంచి, ప్రభుత్వ సైన్యంతో పోరాడుతున్న సాయుధ దళం ఆర్‌ఎస్‌ఎఫ్ ఆ ఊరిని చుట్టుముట్టింది, జూన్‌లో ముట్టడి ఆపమని మండలి 2736వ తీర్మానం చేసింది, నవంబర్‌లో సూడాన్ మీద ఇంకో తీర్మానం తెస్తే రష్యా వీటో చేసింది, 2025 అక్టోబర్ 26న ఊరు పడిపోయింది. రువాండాకి వంద గడులు సరిపోయాయి, దీనికి ఐదు వందలు దాటాయి, నాలుగు చార్టులు అతికించాల్సి వచ్చింది. కింద భాగంలో నీలం ఇంకు ఇప్పటికి మూడు చోట్లే ఉంది.