మూడో కోత సూటు: నడుం గుంటలో నీళ్లు చేరడం ఇంకా ఆగట్లేదు

నేనే కోసి కుట్టుకుంటున్న వెట్‌సూటులో (చల్లటి నీళ్లలో ఈతకి వేసుకునే, ఒంటికి అతుక్కునే రబ్బరు సూటు) మళ్లీ నడుమే! సూటు లోపల ఛాతీ దగ్గరి ఉష్ణోగ్రత ప్రోబు 20 నిమిషాలైనా 30 డిగ్రీలు చూపిస్తోంది. నడుం గుంటలోది మాత్రం నాలుగో నిమిషానికే 19కి పడిపోయింది. మెడపట్టీ, చేతుల అంచులు కుదిరాయి, వాటి జోలికి ఇక పోనక్కర్లేదు.

పరీక్ష ఎప్పట్లాగే నరసాపురం పెరట్లో, సిమెంటు తొట్టిలో. సంక్రాంతి చలిలోనూ మన కాలవనీళ్లు సూటు లోపం బయటపెట్టేంత చల్లబడవు, కాబట్టి రొయ్యల లారీలకెత్తే ఐసే గతి. 500 లీటర్లు 24 నుంచి 14 డిగ్రీలకు దిగాలంటే లెక్కకు 53 కిలోలు. గోడలు తాగేసింది కలిపి 65 పట్టింది. దిమ్మని గోనెసంచిలో వేసి చితక్కొట్టకపోతే కరిగేసరికి పొద్దెక్కుతుంది. పక్కన ఇంకో మనిషి లేకుండా దిగొద్దు.

మొదటి అనుమానం కుట్ల మీద. సూటు తిరగేసి నీళ్లు నింపితే మూడు సూది రంధ్రాలు కారాయి. మూసేశాక కూడా అదే 19. తర్వాత జిప్పు. పైన టేపు అంటిస్తే 20, అంతే. చివరికి బేసిన్‌లో నిలబడి తొడల అంచులు ఎత్తితే 620 మి.లీ. దిగాయి. వీపు మీద స్కేలు నిలువుగా ఆనిస్తే నడుం దగ్గర 22 మి.మీ. సందు. తిన్నగా కోసిన షీటు ఆ గుంటమీద వంతెనలా నిలబడిపోతోంది.

ఆ 620 మి.లీ. 14 నుంచి 30కి వేడెక్కాలంటే 41 కిలోజౌళ్లు పైమాటే. బార వేసినప్పుడల్లా కొంత పోయి కొత్తవి వస్తాయి. నిమిషానికి సగం మారినా దాదాపు 350 వాట్లు. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో పుట్టేది 100 వాట్ల చుట్టుపక్కలే. ‘లోపలి నీటిపొరే వెచ్చగా ఉంచుతుంది’ అనేది సగం నిజం. వేడిని ఆపేది నియోప్రీన్‌లోని, అంటే ఈ సూటు రబ్బరు షీటులోని, నైట్రోజన్ బుడగలు. అమెరికాలోని బర్క్‌లీలో భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ 1950ల మొదట్లో పట్టుకున్న కిటుకు అదే: ఒళ్లు తడిసినా ఫరవాలేదు, బుడగలుంటే చాలు. కాకపోతే నీళ్లు పల్చగా, కదలకుండా ఉండాలి.

అందుకే నడుం దగ్గర రెండు డాట్లు, ఒక్కోటి 2 సెం.మీ. వెడల్పు, 14 పొడవు. జాకెట్టు డాట్లలా మడిచి కుట్టకూడదు, 3 మి.మీ. షీటు లోపల గట్టులా లేస్తుంది. ముక్క కోసేసి, అంచుకు అంచు జిగురు రెండు పూతలు, పూతకి పది నిమిషాలు ఆరనిచ్చి నొక్కాలి. సూది సగం మందమే దాటాలి. ప్లైవుడ్‌కి వాడే జిగురు వద్దు, గట్టిపడి చిట్లుతుంది. షీటు విషయంలో జపాన్ కంపెనీ యమమోటో మీద మోజు అబద్ధం కాదు, కానీ కోత నేర్చుకోవడానికి అంత ఖరీదు దండగ.

ఇప్పుడు దిగినవి 210 మి.లీ., కదలకుండా ఉంటే 20 నిమిషాలకు 25. బాగుందనుకునేలోపు 30 సార్లు చేతులెత్తితే మళ్లీ 21! చెయ్యి లేచినప్పుడు సూటు మొత్తం 3 సెం.మీ. పైకి లాగుతోంది, పంపు కొట్టినట్టే. చంకలో వదులు లేదని నా అంచనా. ఈసారి 1.5 మి.మీ. షీటుతో 8 సెం.మీ. డైమండ్ ముక్క చంక కింద వెయ్యాలి, సాగే దిక్కు నిలువుగా పెట్టి. 5 మి.మీ.కి మారమంటారు కొందరు. సందు ఉన్నంతకాలం మందం దండగే. డైవింగ్‌కైతే వేరే మాట, 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపై బుడగలు బాగా నలుగుతాయి. మందం సంగతి చంక కుదిరాక. ముందు ఐసుకి మళ్లీ చెప్పాలి, 65 కాదు, 70.