40 కిలోల గుండు ఎంత లావుండాలి?

మాది దేవరకొండ దగ్గర ఊరు. హనుమాన్ గుడి ముందు వేపచెట్టు కింద ఎత్తుడు గుండు ఒకటుంది, 80 కిలోలది. దసరాకు పెద్దవాళ్లు దాన్ని భుజం మీదికి ఎత్తుతారు. ఇంటర్ పిల్లలు మోకాళ్ల దాకా లేపి వదిలేస్తారు. పోయినేడు ఒకడి కాలి వేలు నలిగింది. అందుకే వాళ్లకు 40 కిలోల గుండు కొట్టిద్దామనుకున్నాం.

రాళ్లు కొట్టే తాతను అడిగితే, "కిలోలతోటి నాకేం పని బిడ్డా, ఎంత లావు గావాల్నో అది చెప్పు" అన్నాడు. ఆయన మాట నిజమే. ఎక్కువ ఉంటే చెక్కొచ్చు, తక్కువైతే అతికించలేం కదా.

"పాతదాంట్ల సగం లావు కొడితే సగం బరువు ఉంటది గదా అన్నా" అన్నాడు మా తమ్ముడు. అదే కుదరదు. గుండు మూడు దిక్కులా సగమైతే రాయి ఎనిమిదో వంతే మిగులుతుంది. అంటే 10 కిలోలు. పైగా పాతది నల్లరాయి. మా వైపు గుట్టల మధ్య నల్లరాయి కట్టలు బారుగా పోతుంటాయి, అందులోది. టేపు చుట్టి కొలిస్తే చుట్టుకొలత 116.5 సెంటీమీటర్లు. లెక్క వేస్తే దాని సాంద్రత, అంటే ఒక్కో ఘన సెంటీమీటరు బరువు, దాదాపు 3 గ్రాములు వచ్చింది. తాత దగ్గరున్నది బూడిద రంగు గ్రానైట్ రాయి. దాని సంగతి విడిగా తేల్చాల్సిందే.

ఆ బండ నుంచే ఊడిన పెచ్చు ఒకటి తెచ్చి కిరాణా కొట్టు కాంటా మీద పెట్టాను. 1,340 గ్రాములు. బకెట్టు అంచుదాకా నీళ్లు నింపి, పెచ్చు ముంచి, పొర్లిన నీళ్లు కింద బేసిన్‌లో పట్టి తూచాను. 550 గ్రాములు. భాగిస్తే 2.44. నాకు నచ్చలేదు. గ్రానైట్ మామూలుగా 2.6కు తగ్గదు. మళ్లీ నింపి, కళ్లు అంచుకు సమానంగా పెట్టి చూశాక అర్థమైంది. నీళ్లు అంచు కంటే పైకి ఉబ్బి నిలబడుతున్నాయి. రాయి తగలగానే ఆ ఉబ్బు కూడా జారిపోతోంది. వెడల్పు బకెట్టులో ఒక్క మిల్లీమీటరు ఉబ్బినా 50 గ్రాములు తేడా కొడుతుంది.

రెండోసారి పద్ధతి మార్చాను. బకెట్టులో సగం నీళ్లు పోసి కాంటా మీదే పెట్టి సున్నా చేశాను. పెచ్చుకు సన్న దారం కట్టి, అడుగుకు, అంచుకు తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకున్నాను. దారం నా చేతిలోనే ఉంది, అయినా కాంటా 502 చూపించింది. రాయి తోసేసిన నీళ్ల బరువు అది. నీరు గ్రాముకు ఒక ఘన సెంటీమీటరు కాబట్టి పెచ్చు పరిమాణం 502. 1,340ని 502తో భాగిస్తే 2.67. మూడుసార్లు చేశాను, రెండు గ్రాముల కంటే తేడా రాలేదు. అప్పుడు గానీ మనసు కుదుటపడలేదు.

మిగతాది గబగబా అయిపోయింది. 40,000ని 2.67తో భాగిస్తే 14,981 ఘన సెంటీమీటర్లు. గోళం కాబట్టి 6తో గుణించి 3.1416తో భాగిస్తే 28,612. ఘనమూలం కోసం ఫోన్‌లో ఒక్కో అంకె వేసి చూశాను. 30.5 వేస్తే తక్కువ, 30.6 వేస్తే కాస్త ఎక్కువ. అంటే అడ్డంగా దాదాపు ఒక అడుగు! తాతకు అడుగు అని చెబితే చాలు. టేపు చుట్టి చూసుకోవడానికి 96 సెంటీమీటర్లని కూడా చెప్పాను. 2.44నే నమ్మి ఉంటే గుండు 44 కిలోల దాకా వచ్చేది.

యాసంగి వడ్లు కొనడం అయిపోయి కొనుగోలు సెంటర్ ఖాళీగా ఉంది. గుండును అక్కడి కాంటా మీద దొర్లించాం. 41.3. టేపు చుట్టి చూస్తే 97 సెంటీమీటర్లు. "నున్నగ చేసెటందుకు ఇంత ఉంచిన బిడ్డా" అన్నాడు తాత. ఆ కాస్త ఎంతో లెక్క వేశాను. చుట్టూరా ఒకటిన్నర మిల్లీమీటరు పొర. అంతే, కిలో పైచిలుకు బరువు.

తాత ఒక పూట మళ్లీ ఉలి పట్టాడు. సాయంత్రం కాంటా 40.2 చూపించింది. గుండుకు అంటిన దుమ్ము తుడిచి, ట్రాలీ ఆటోలో వేసుకెళ్లి వేపచెట్టు కింద దించాం.