ఎంఎంవీ ప్రాక్టికల్ సప్లిమెంటరీలో గట్టెక్కాను: జాకీ దగ్గర తప్పిన చోటే మళ్లీ నిలబడ్డ కథ

మొన్న రిజల్ట్స్ వచ్చాయి. ట్రేడ్ ప్రాక్టికల్ ఎదురుగా పాస్ అని కనిపించగానే ముందు అమ్మకు చూపించాను, ఆ తర్వాత బాబాయికి ఫోన్ చేశాను. ఐటీఐ మెకానిక్ మోటార్ వెహికల్ (ఎంఎంవీ) ట్రేడ్ నాది. థియరీ మొదటిసారే పాసయ్యాను, దాని గురించి పెద్దగా చెప్పను. ట్రేడ్ థియరీ నోట్సు, పాత బిట్లు, రోజుకు రెండు గంటలు చాలు. పాస్‌కు కావాల్సిన 33 శాతం ఎవరికైనా వస్తుంది. మనల్ని పట్టుకునేది ప్రాక్టికల్‌కు కావాల్సిన 60 శాతమే. నేను ఆగిపోయింది అక్కడే, అదీ అందరూ తేలికనుకునే జాబ్‌లో, అంటే పరీక్షలో చేసి చూపించమని ఇచ్చే పనిలో.

నాకు వచ్చిన జాబ్ కారును జాకీతో లేపి, టైర్లు విప్పి, రొటేషన్ చేసి, అంటే ఒకచోటి టైరు ఇంకోచోటికి మార్చి, బిగించడం. ఇంజిన్ ఓవర్‌హాల్ రాలేదు కదా అని లోపల సంబరపడ్డాను. హ్యాండ్ బ్రేక్ లాగాను, ఫస్ట్ గేర్‌లో పెట్టాను, నట్లు నేల మీద ఉండగానే సగం తిప్పు వదులు చేశాను. అంతవరకు అన్నీ సరిగ్గానే చేశాను. చక్రాలకు అడ్డం పెట్టే దిమ్మెలు గోడ పక్కనే ఉన్నాయి. చూశాను కూడా. బ్రేక్ ఉంది, గేర్ ఉంది, ఇంకెందుకు అనుకుని జాకీ తిప్పడం మొదలుపెట్టాను. వర్క్‌షాప్ నేల కడిగిన నీళ్లు బయటికి పోవడానికి షట్టర్ వైపు కొంచెం వాలుగా ఉంటుంది. ఎడమ ముందు చక్రం నేల వదిలి రెండు వేళ్లు లేచిందో లేదో, కారు ముందుకు జరిగింది. ఎంతో కాదు, ఒక జానెడు లోపే. కానీ నిటారుగా ఉండాల్సిన జాకీ నా కళ్ల ముందే పక్కకు ఒరిగింది. నా చెయ్యి అప్పుడు చక్రం మీదే ఉంది. ఎగ్జామినర్ గట్టిగా అరిచారు, నేను వెనక్కి దూకాను, బాడీ జాకీ మీదినుంచి జారి చక్రం నేలకు కొట్టుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ చప్పుడు మాత్రం చాలా రోజులు వినిపించేది.

ఆయన ఒకటే అడిగారు. "గేర్‌లోనే ఉంది కదా, మరి ఎందుకు కదిలింది?" నాకు జవాబు రాలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలు హ్యాండ్ బ్రేక్ వైర్ వదులుగా ఉంది, నా తప్పు కాదు అని అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. వైర్ వదులుగా ఉన్న మాట నిజమే, ఇప్పటికీ అంటాను. అయితే ఎదురుగా దిమ్మెలు పెట్టుకుని వాడకపోయింది నేనే. అసలు జవాబు మనం డ్రాయింగ్ వేసి మరీ చదివిన డిఫరెన్షియల్ చాప్టర్‌లోనే ఉంది. ఇంజిన్ తిప్పే రెండు చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల అమరికే డిఫరెన్షియల్. ఈ కార్లు ముందు చక్రాలతో నడిచేవి. గేర్‌లో పెడితే ఆగేవి ముందు చక్రాలే. అందులో ఒకదాన్ని గాల్లోకి లేపామంటే, నేల మీద ఉన్నది ఒకవైపు దొర్లుతుంది, గాల్లో ఉన్నది ఎదురు తిరుగుతుంది. ఇంజిన్ కదలదు, గేర్‌బాక్స్ కదలదు, కారు మాత్రం కదులుతుంది. అంటే ముందు చక్రం లేపిన క్షణం నుంచి గేర్ లేనట్టే. ఇక మిగిలింది వెనక చక్రాల మీద పనిచేసే హ్యాండ్ బ్రేక్ ఒక్కటే. అది కూడా వదులైతే అడ్డం పెట్టిన దిమ్మే దిక్కు. ఈ ముక్క అర్థమైన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మార్కుల కోసం బట్టీ పట్టిన చాప్టర్ నా చెయ్యి నలిగిపోకుండా కాపాడాల్సింది అని అప్పుడు తెలిసింది.

బాబాయి దగ్గర పాత ఆల్టో ఉంది. ఆదివారం ఆదివారం మా వాకిట్లో ప్రాక్టీస్ పెట్టుకున్నాను. పంచర్ కాకుండానే వారం వారం టైర్లు ఎందుకు విప్పుతున్నావురా అని అమ్మ కోప్పడేది. చెల్లి నోట్సు పట్టుకుని అరుగు మీద కూర్చుని ఎగ్జామినర్ లాగా ప్రశ్నలు అడిగేది. వాకిట్లో షాబాద్ బండలు పరిచి ఉన్నాయి. చూడ్డానికి సమంగా, గట్టిగా ఉంటాయి కానీ జాకీ అడుగు వాటి మీద జారుతుంది, కింద మట్టి గుల్లగా ఉన్న చోట బండ పగులుతుంది కూడా. బండ లేని మట్టి నేల మీదైతే జాకీ దిగబడిపోతుంది. ఊళ్లో వడ్రంగి దగ్గర మందపాటి తుమ్మ చెక్క కోయించి జాకీ కింద వేశాను. అదే చెక్కలో ఏటవాలుగా నాలుగు దిమ్మెలు కూడా కోయించాను. ఇటుకలు మాత్రం వద్దు. బరువు పడితే ఇటుక ముందు చెప్పకుండా పొడైపోతుంది.

జాకీ పెట్టే చోటు గురించి ఒక మాట. డోర్ల కింద అంచు వెంట, ముందు చక్రానికి కాస్త వెనక, వెనక చక్రానికి కాస్త ముందు చిన్న గాట్లు ఉంటాయి. వేలితో తడిమితే దొరుకుతాయి. జాకీ తల అక్కడే కూర్చోవాలి. కారు అడుగు రేకు మీద పెడితే అది లోపలికి నొక్కుకుపోతుంది. ముందు చక్రం లేపితే వెనక చక్రాలకు, వెనక చక్రం లేపితే ముందు చక్రాలకు దిమ్మెలు. ఇది నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి.

లేపిన కారును నిలబెట్టి ఉంచే జాక్ స్టాండ్లు ఇంట్లో లేవు, ఉన్నది కారుతో వచ్చిన జాకీ ఒక్కటే. మరి నాలుగు టైర్లు ఎలా మార్చాలి? స్టెప్నీ ఉంటే చాలు. ఎడమ ముందు టైరు విప్పి అక్కడ స్టెప్నీ వేస్తాం. విప్పిన టైరు నేరుగా ఎడమ వెనక్కి పోతుంది. ఎడమ వెనకది అడ్డంగా దాటి కుడి ముందుకు వస్తుంది. కుడి ముందుది నేరుగా కుడి వెనక్కి. కుడి వెనకది మళ్లీ అడ్డంగా దాటి ఎడమ ముందుకు వచ్చి స్టెప్నీని బయటికి పంపుతుంది. ఐదుసార్లు లేపాలి, శ్రమే, కానీ ఏ సమయంలోనూ ఒక్క చక్రం కంటే ఎక్కువ గాల్లో ఉండదు. తిరిగే దిశ బాణం గుర్తు ఉన్న టైర్లయితే ఇలా దాటించకూడదు, ఒకే వైపు ముందువెనకలు మార్చుకోవాలి. విప్పిన చక్రాన్ని పక్కన నిలబెట్టకుండా బాడీ అంచు కింద పడుకోబెట్టండి. జాకీ జారినా కారు టైరు మీద పడుతుంది, నేల దాకా రాదు. అలాగని కారు కిందికి దూరొద్దు, జాకీ ఉన్నది లేపడానికే, నిలబెట్టి పనిచేయడానికి స్టాండ్లు ఉండాలి.

నట్టు కోసుగా ఉన్న వైపు లోపలికి. ముందు చేత్తోనే తిప్పాలి, కారు దించాక ఎదురెదురు నట్లు వరుసగా బిగించాలి. బిగింపు బలం (టార్క్) చిన్న కార్లకు చాలావరకు 80 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య చెబుతారు, ఆ బండి మాన్యువల్‌లో ఉన్నదే పట్టుకోండి. వీల్ పానా మీద ఎక్కి తొక్కడం బిగించడం కాదు, స్టడ్డు (నట్టు ఎక్కే మరల కడ్డీ) విరగ్గొట్టడం. మరలకు నూనె రాయకండి, కొలత తప్పుతుంది.

నాతోటి వాళ్లు అప్పటికే అప్రెంటిస్‌షిప్‌కు వెళ్లిపోయారు. ఏడాది వృథా అయిందని బంధువులు అన్నారు. నేను ఒప్పుకోను. వాళ్లలో ఎంతమంది దిమ్మె పెట్టి బండి లేపుతున్నారో నాకు అనుమానమే. సీనియర్ మెకానిక్ పెట్టడు కాబట్టి మనమూ పెట్టం, ఇదే మన దగ్గర నడుస్తున్న అలవాటు. పదేళ్లు ఏం కాలేదంటారు. ఏదైనా అయినవాడు ఆ మాట చెప్పడానికి షెడ్డులో ఉండడు. రీల్స్ చూసే టైంలో పావుగంట తీసి ఒక్కో పని వరుసను పైకి చెప్పుకుంటూ చేయండి తమ్ముళ్లూ. నోటితో చెబితే చెయ్యి మర్చిపోదు.

సప్లిమెంటరీలో జాబ్ వేరేది వస్తుందనుకున్నాను. అదే వచ్చింది. చేతులు చల్లబడ్డాయి. ముందుగా వెళ్లి దిమ్మెలు తెచ్చి వెనక చక్రాలకు రెండువైపులా పెట్టాను. "బ్రేక్ వేశావు, గేర్‌లో ఉంది, ఇవెందుకు?" అని అడిగారు ఈసారి వచ్చిన సార్. డిఫరెన్షియల్ సంగతి మొత్తం చెప్పాను. ఆయన తల ఊపి, వెనక చక్రం లేపితే ఏం మారుతుందని అడిగారు. అదీ చెప్పాను. అప్పుడు గేర్ పట్టు ఉంటుంది, హ్యాండ్ బ్రేక్ ఒక చక్రానికే మిగులుతుంది, దిమ్మెలు ముందుకు మారాలి. తర్వాత టైరు అరుగుదల గుర్తు ఎంత ఎత్తని అడిగారు, 1.6 మిల్లీమీటర్లన్నాను. రొటేషన్ అయ్యాక ఏం చూడాలన్నారు. ముందు వెనక గాలి లెక్క వేరైతే సరిచేయాలి, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ చూడాలి అన్నాను. చివరి ముక్క చాలామంది వదిలేస్తారు, రాసిపెట్టుకోండి.

వచ్చే సప్లిమెంటరీకి వెళ్లేవాళ్లు ఇంట్లో ఒక్క కారైనా దొరికించుకుని ఐదుసార్లు లేపి దించండి. నా తుమ్మ దిమ్మెలు బాబాయి కారు డిక్కీలోనే ఉన్నాయి. మా ఊరి చుట్టుపక్కల వాళ్లెవరైనా వచ్చి తీసుకెళ్లొచ్చు. పని అయ్యాక తెచ్చి ఇవ్వండి, ఆదివారాలు నాకు ఇంకా కావాలి.